గాలి, ఆయువు, ఎ.కొండూరు: ఒక చారిత్రక పరిశీలన

మనిషి ఎన్నాళ్ళు బతుకుతాడన్నది దైవాధీనమని మన పెద్దలు నమ్మారు. ఒకరు పోతే "నూకలు చెల్లాయి" అన్నారు, "నూరేళ్ళు నిండాయి" అన్నారు. ఎవరికి ఎప్పుడు చెల్లుతాయో చిత్రగుప్తుడి చిట్టాలో ముందే రాసి వుంటుందన్నారు. ఈ నమ్మకంలో ఒక్క మాట నిజం: ఆయువుకు చిట్టా అంటూ వుంది. అయితే అది యమలోకంలో లేదు. గ్రామ మునసబు రాసిన చావుపుట్టుకల రిజిస్టరులో, ఆసుపత్రి పద్దులో, థర్మల్ కేంద్రంలో రోజూ కాల్చే బొగ్గు లెక్కలో, వంటగ్యాసు బండ ధరలో అది ముక్కలు ముక్కలుగా వుంది. ఆ ముక్కలను ఒకచోట చేర్చి చదవటం చరిత్ర విద్యార్థి పని.

ఒక ప్రాంతపు గాలి అక్కడి మనుషుల ఆయువులో ఎంత పాలు పుచ్చుకుంటుంది? ఎవరి ఆయువులో ఎక్కువ పుచ్చుకుంటుంది? ఈ రెండు ప్రశ్నలనూ నేను తిరువూరు పక్కనున్న ఎ.కొండూరు మండలాన్ని దృష్టిలో వుంచుకుని పరిశీలించదలిచాను. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలో వుండి, ఆ తర్వాత ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన మండలమిది. పత్తి, మిరప, మామిడి పండే మెట్ట ప్రాంతం. లంబాడీ తండాలు హెచ్చు. పెద్ద కర్మాగారం లేదు, పొగగొట్టం లేదు. ఇటీవలి సంవత్సరాలలో దీని పేరు పత్రికలకెక్కింది తండాలలోని మూత్రపిండాల జబ్బు వల్ల, అంటే నీటి వల్ల. అటువంటి చోట గాలి గురించి మాట్లాడటమేమిటని పాఠకుడికి సందేహం కలగవచ్చు. సరిగ్గా ఆ సందేహమే ఈ వ్యాసానికి కారణం. పొగగొట్టం కనబడని చోట గాలి మంచిదేనని మనం అనుకుంటాం. కొలిచే యంత్రం లేని చోట నష్టమే లేదని ప్రభుత్వం అనుకుంటుంది. ఈ రెండు అనుకోలూ ఒకదానికొకటి ఊతం.

1

ముందుగా ఒక భ్రమను తొలగించుకోవాలి. "పూర్వం గాలి స్వచ్ఛం, నీరు స్వచ్ఛం, మనుషులు నూరేళ్ళు బతికేవారు" అనే మాట రచ్చబండ దగ్గరే కాదు, చదువుకున్నవారి ఉపన్యాసాలలో కూడా వినబడుతుంది. జనాభా లెక్కలు ఈ మాటను బలపరచవు. 1911-21 దశాబ్దంలో భారతదేశంలో సగటు ఆయుఃప్రమాణం సుమారు 20 ఏళ్ళు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా ఆ దశాబ్దాన్ని మరీ కుంగదీసిందన్నది నిజమే. కాని 1941-50 నాటికి కూడా అది 32 ఏళ్ళే. 2016-20 సంవత్సరాల లెక్క ప్రకారం 70 ఏళ్ళు. ఒక్క శతాబ్దంలో ఆయువు మూడు రెట్లకు మించి పెరిగింది. టీకా, కలరాకూ మలేరియాకూ అడ్డుకట్ట, కాన్పు ఆసుపత్రి, చౌక బియ్యం, బడి, కరెంటు ఈ పెంపుకు మూలాలు. వీటిలో ఏదీ దయతో దక్కినది కాదు. ప్రజలు అడగ్గా, పోరాడగా దక్కినవే ఎక్కువ.

కనుక వెనక్కి పోదామనే వాదం మనది కాదు. అయితే ఇదే లెక్కలో ఇంకో అంకె వుంది. 2014-18 సంవత్సరాలలో పట్టణవాసి సగటు ఆయువు 72.6 ఏళ్ళు, గ్రామవాసిది 68. పల్లె గాలి పట్నం గాలికంటె మేలైనదని చెప్పుకుంటూనే పల్లె మనిషి నాలుగున్నర ఏళ్ళు ముందుగా పోతున్నాడు. గిరిజనుల ఆరోగ్యంపై డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన పనిచేసిన నిపుణుల సంఘం 2018లో ఇచ్చిన నివేదికలో గిరిజనుల ఆయుఃప్రమాణాన్ని 63.9 ఏళ్ళుగా చూపింది. ఇతరులది 67. సగటు అనేది ఒక కప్పు. ఆ కప్పు కింద ఎవరెవరు ఎంతెంత ఎత్తున నిలబడి వున్నారన్నది అది చెప్పదు.

2

ఆయువును లెక్కగట్టే శాస్త్రమూ, పొగను నిందించే సాహిత్యమూ ఒకే నగరంలో, ఒకే కాలంలో పుట్టాయన్నది గమనింపదగిన విషయం. 1661లో జాన్ ఎవ్‌లిన్ లండను నగరపు బొగ్గుపొగ మీద రాజుకు విన్నపంగా చిన్న గ్రంథం రాశాడు. మరుసటి ఏడు, 1662లో, జాన్ గ్రాంట్ అనే బట్టల వర్తకుడు లండను చర్చిలు ప్రకటించే చావుల పట్టీలను చేర్చి మొట్టమొదటి మరణగణాంక గ్రంథాన్ని వెలువరించాడు. పొగ గురించి ఫిర్యాదు, చావు గురించి లెక్క: రెండూ సిద్ధంగానే వున్నాయి. రెండింటినీ కలిపి వర్గదృష్టితో చదివే చూపు రావటానికి మరో రెండు వందల ఏళ్ళు పట్టింది.

1842లో ఎడ్విన్ చాడ్విక్ బ్రిటిష్ శ్రామికుల పారిశుధ్య స్థితి మీద నివేదిక ప్రకటించాడు. చనిపోయినవారి సగటు వయస్సు మాంచెస్టరులో పెద్దమనుషులకు 38, వర్తకులకు 20, కూలీలకు 17. రట్లండు అనే పల్లె ప్రాంతంలో అదే వరసన 52, 41, 38. పసిపిల్లల చావులు ఎక్కువ కావటం వల్ల ఈ అంకెలు ఇంత తక్కువగా వున్నాయి. అయినా ఒక పోలిక మాత్రం చెక్కుచెదరదు: మాంచెస్టరు పెద్దమనిషీ, రట్లండు కూలీ, ఇద్దరికీ దక్కింది 38 ఏళ్ళే. అంటే ఆయువును వర్గమూ నిర్ణయిస్తుంది, చోటూ నిర్ణయిస్తుంది. రెండూ కలిసి వచ్చిపడిన మాంచెస్టరు కూలీ బతుకు 17 ఏళ్ళు. చాడ్విక్ విప్లవవాది కాడు. జబ్బుపడిన పేదలను పోషించే ఖర్చు తగ్గించుకునే దారి వెతికిన అధికారి మాత్రమే. మూడేళ్ళ తర్వాత ఎంగెల్స్ అదే మాంచెస్టరును పరిశీలించి, ఇలా మనుషులను వేళకు ముందే సమాధికి పంపే స్థితిని, అది తెలిసీ సాగనిచ్చే సమాజాన్ని, సాంఘిక హత్య అనే మాటతో వర్ణించాడు. చేతిలో కత్తి కనబడదు గనక ఈ హత్యకు ముద్దాయి దొరకడు.

ముద్దాయి దొరకకపోవటమంటే ఏమిటో 1952 డిసెంబరులో లండను మళ్ళీ చూసింది. 5వ తేదీ నుంచి 9వ తేదీ దాకా బొగ్గుపొగ, పొగమంచు కలిసి నగరాన్ని కప్పివేశాయి. అధికారిక లెక్క ప్రకారం సుమారు 4,000 మంది చనిపోయారు. తర్వాతి నెలలలో కూడా చావులు మామూలు స్థాయికి రాలేదు. ఆ అదనపు చావులను ప్రభుత్వం ఇన్‌ఫ్లుయెంజా పద్దులో వేసింది. వాటిని కూడా కలుపుకుంటే మృతుల సంఖ్య 12,000 వరకూ వుంటుందని తర్వాతి పరిశోధకులు తేల్చారు. ఇక్కడ ముఖ్యమైనది ఏమిటంటే, లండనులో చావుల రిజిస్టరు వారం వారం సక్రమంగా నడిచేది గనక ప్రభుత్వం ఆ చావులను దాచలేకపోయింది. 1956లో స్వచ్ఛమైన గాలి చట్టం వచ్చింది. చట్టానికి ముందు లెక్క వచ్చింది.

మన దగ్గరా రిజిస్టరు లేకపోలేదు. మద్రాసు రాష్ట్రంలో గ్రామాధికారి చావుపుట్టుకలు రాసి పైకి పంపేవాడు. కారణం అన్న గడిలో ఎక్కువగా కనబడే మాట "జ్వరం". 1876-78 ధాత కరువులో రాయలసీమలో మలమల మాడి చచ్చినవారు కలరా, జ్వరం, విరేచనాలు అన్న పద్దుల కిందికి వెళ్ళారు. ఆకలి అన్నది రోగం కాదు గదా! ఊపిరాడక పోయినవారు ఈనాడు అదేవిధంగా గుండెపోటు, ఆయాసం, వృద్ధాప్యం అన్న పద్దుల కిందికి వెళుతున్నారు. నేటికీ మన దేశంలో వైద్యుడు కారణం ధ్రువీకరించే చావులు దాదాపు ఐదింట ఒక వంతే. పల్లెలో ఇంటి దగ్గర పోయినవాడి చావుకు కారణం రాసే నాథుడు లేడు.

3

ఇక మన ప్రాంతపు బొగ్గు చరిత్రకు వద్దాం. 1871లో భూగర్భశాఖకు చెందిన విలియం కింగ్ ఎల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ అనే ఇంగ్లీషు సంస్థ గనుల హక్కులు సంపాదించింది. 1889లో తవ్వకం మొదలైంది. నిజాం రైలుమార్గం బెజవాడ చేరటం కూడా దాదాపు అదే సమయం. కృష్ణాతీరానికి బొగ్గుపొగ రైలింజను మీద వచ్చిందని చెప్పవచ్చు. 1920లో ఆ సంస్థ సింగరేణి కాలరీస్ అయింది. తవ్వకం ఎల్లందు నుంచి కొత్తగూడేనికి, అటునుంచి గోదావరి లోయ పొడవునా సాగింది. ఈనాడు తిరువూరుకు ఉత్తరాన సత్తుపల్లి దగ్గర కూడా బహిరంగ గనులున్నాయి.

1979లో విజయవాడ శివార్లలోని ఇబ్రహీంపట్నంలో థర్మల్ విద్యుత్ కేంద్రం మొదటి యూనిట్ 210 మెగావాట్లతో ప్రారంభమైంది. 1995 నాటికి అటువంటివి ఆరు. 2009లో 500 మెగావాట్ల యూనిట్, 2023లో 800 మెగావాట్ల యూనిట్ చేరాయి. రాష్ట్ర విద్యుత్ బోర్డు అధ్యక్షుడిగా పనిచేసిన నార్ల తాతారావు పేరు దీనికి పెట్టారు. ఇబ్రహీంపట్నం నుంచి బయలుదేరే జాతీయ రహదారి మైలవరం, ఎ.కొండూరు ప్రాంతం, తిరువూరు దాటి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం పోతుంది. పాల్వంచలో 1960ల నుంచీ మరో పెద్ద థర్మల్ కేంద్రం. అక్కడి పాత యూనిట్ల ఎనిమిది శీతలీకరణ గోపురాలను 2024 ఆగస్టులో కూల్చివేశారు గాని, కొత్త యూనిట్లు నడుస్తూనే వున్నాయి. ఈ విధంగా పొగగొట్టం లేని ఎ.కొండూరు రెండు బొగ్గు కేంద్రాలను కలిపే దారి మీద వుంది. దక్షిణపు కేంద్రానికి దూరం సుమారు నలభై, యాభై కిలోమీటర్లు.

ఆ దూరం రక్షణ కాదా? ఇక్కడ కొంత శాస్త్రం అవసరం. మన దేశపు బొగ్గులో బూడిద పాలు హెచ్చు. వంద బండ్ల బొగ్గు కాలిస్తే ముప్పయి, నలభై బండ్ల బూడిద మిగులుతుంది. అందులో బరువైనది అడుగున పడుతుంది. తేలికైనదాన్ని విద్యుదావేశం గల పలకలతో పట్టి, నీటితో కలిపి బూడిద చెరువుకు పంపుతారు. చెరువు ఎండితే, వేసవి గాలికి అది చుట్టుపక్కల ఊళ్ళ మీదికి లేస్తుంది. ఇది కంటికి కనబడే నష్టం. దీని మీద ధర్నాలు జరుగుతాయి, అప్పుడప్పుడు నీళ్ళు చల్లుతారు. కంటికి కనబడని నష్టం వేరు. బొగ్గులోని గంధకం కాలి వాయువై గొట్టం పైనుంచి వెళ్ళిపోతుంది. గాలిలో తేలుతూ అది మెల్లగా సల్ఫేట్ కణాలుగా మారుతుంది. తలవెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు వుండే ఈ కణాలనే పీఎం 2.5 అంటున్నారు. ఇవి ముక్కులో ఆగవు, ఊపిరితిత్తుల లోతుల దాకా పోయి రక్తంలో కలుస్తాయి. వందల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. పెద్ద యూనిట్లకు 275 మీటర్ల గొట్టం కట్టాలని మన నిబంధనలు చెప్పాయి. గొట్టం ఎత్తు పెంచితే పొగ తగ్గదు, ఎక్కువమందికి పంపకమవుతుంది.

గంధకాన్ని పట్టే యంత్రాలు లేక కాదు. 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ థర్మల్ కేంద్రాలకు గంధకపు వాయువుపై పరిమితులు విధించి, రెండేళ్ళ గడువిచ్చింది. గడువు ఒకటికి నాలుగుసార్లు జరిగింది. చివరకు 2025 జూలైలో దేశంలోని అధిక భాగం కేంద్రాలకు ఆ యంత్రాల నుంచి మినహాయింపే ఇచ్చారు. పది లక్షల జనాభా మించిన నగరాలకు పది కిలోమీటర్లలోపు వున్న కేంద్రాలకు మాత్రం నిబంధన మిగిలింది. నగరానికి దగ్గరగా వున్న ఊపిరితిత్తులకు ఒక న్యాయం, దూరంగా వున్నవాటికి మరో న్యాయం.

4

పొగ అనగానే పొగగొట్టాన్నే చూడటం కూడా సగం చూపే. ఎ.కొండూరువంటి ఊళ్ళలో తరతరాలుగా మనిషికి అతి దగ్గరగా వున్న పొగ పొయ్యిలోది. పత్తికట్టె, కందికంప, పిడకలు, అడవి పుల్లలు. ఊదుగొట్టంతో ఊదుతూ, చంకలో బిడ్డతో, తాటాకు కప్పు కింద గంటల తరబడి పొగ పీల్చే స్త్రీ మన కథలలో, పాటలలో కనబడింది గాని వైద్యగ్రంథాలలో చాలాకాలం కనబడలేదు. 1980ల మొదట్లో కర్క్ స్మిత్ అనే శాస్త్రవేత్త గుజరాత్ పల్లెలలో వంట చేసే స్త్రీల దగ్గర కొలిచేదాకా ఆ పొగకు అంకె లేదు. తెలుగునాట కల్పనా బాలకృష్ణన్ బృందం మూడు గ్రామీణ జిల్లాలలో 420 ఇళ్ళలో కొలిచి, 2004లో ఫలితాలు ప్రకటించింది. ఊపిరిలోకి పోయే ధూళి ఇరవైనాలుగు గంటల సగటు గ్యాసు వాడే ఇళ్ళలో ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాములు, కట్టెలు, పిడకలు వాడే ఇళ్ళలో 732. పదింతల తేడా. ఒకే ఊరు, ఒకే ఆకాశం. ధనిక ఇంటి వంటగదికీ పేద ఇంటి వంటగదికీ మధ్య వున్న తేడా మాంచెస్టరుకూ రట్లండుకూ మధ్య వున్న తేడాకంటె పెద్దది.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద పొదుపు సంఘాల స్త్రీలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం ఉజ్జ్వల పథకం తెచ్చింది. 2024 చివర నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు ఇస్తున్నారు. వీటిని తేలిక చేయటం అన్యాయం. 1990 నుంచి 2019 దాకా ఇంటిపొగ వల్ల మరణాల రేటు దేశంలో నూటికి 64 వంతులు తగ్గిందని భారతీయ శాస్త్రవేత్తల బృందం లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ అనే పత్రికలో లెక్క చూపింది. కాని అదే కాలంలో బయటి ధూళి వల్ల మరణాల రేటు నూటికి 115 వంతులు పెరిగింది. పొయ్యి దగ్గర గెలిచిన ఆయువును ఆకాశం కింద పోగొట్టుకుంటున్నాం. 2019 ఒక్క సంవత్సరంలో వాయుకాలుష్యం పద్దు కింద వచ్చిన చావులు 16.7 లక్షలు, మొత్తం చావులలో నూటికి దాదాపు 18. మూడు సిలిండర్లు ముగిసిన తర్వాత, వ్యవసాయ కూలిపనులు లేని నెలల్లో, పొయ్యి మళ్ళీ రాజుకుంటుందన్నది పల్లెలు తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

మూడో పొగ కూలిపనిలో వుంది. క్వారీలలో, రాళ్ళు పొడి చేసే క్రషర్లలో, ఇటుక బట్టీలలో. కోలారు బంగారు గనులలో తమిళులతో పాటు చిత్తూరు జిల్లా నుంచి వెళ్ళిన తెలుగు కూలీలు పనిచేశారు. 1940-46 మధ్య అక్కడ 7,653 మందిని పరీక్షించగా నూటికి 44 మందిలో రాతిధూళి వల్ల వచ్చే సిలికోసిస్ కనబడింది. ఆ లెక్క ఎలా దొరికింది? వారందరూ ఒకే గని మస్టరులో వున్నారు, యూనియన్లున్నాయి. నేటి క్రషరు కూలీ మూడు నెలలు ఒకచోట, మూడు నెలలు ఇంకోచోట. మస్టరు లేదు గనక జబ్బు కూడా లేదు.

5

ఇంతకూ గాలి ఎన్నేళ్ళు తీసుకుంటుంది? లెక్క ఎలా వేస్తారో విద్యార్థులు తెలుసుకోవటం మంచిది. చైనాలో 1950 నుంచి 1980 దాకా హ్వాయ్ నదికి ఉత్తరాన వున్న ఊళ్ళకు చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకోవటానికి ప్రభుత్వం బొగ్గు ఉచితంగా ఇచ్చింది. నదికి దక్షిణాన ఇవ్వలేదు. నదికి ఆవలివైపు, ఈవలివైపు మనుషులు ఒకటే, తిండి ఒకటే, గాలి వేరు. పరిశోధకులు రెండువైపులా ఆయువును పోల్చి, 2017లో ప్రకటించిన లెక్కలో ఉత్తరాన సుమారు మూడేళ్ళ ఆయువు తక్కువని తేల్చారు. దాన్నిబట్టి, గాలిలో పీఎం 2.5 పది మైక్రోగ్రాములు ఎక్కువగా జీవితమంతా పీలిస్తే సుమారు ఒక ఏడాది ఆయువు తగ్గుతుందని సూత్రం చేశారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 5 మైక్రోగ్రాములు. 2023లో భారతదేశపు సగటు 41. తేడా 36, అంటే మూడున్నర ఏళ్ళు. చికాగో విశ్వవిద్యాలయం ఏటా ప్రకటించే సూచిక చెప్పే మాట ఇదే. హైదరాబాదు శివారు పల్లెలు ఇరవై ఎనిమిదింటిలో 3,717 మందిని పరీక్షించిన అధ్యయనమొకటి 2020లో వెలువడింది. అక్కడి సగటు 32.8 మైక్రోగ్రాములు. ధూళి ఎక్కువగా పీల్చినవారిలో ఎముకల సాంద్రత కూడా తగ్గిందని అది చూపింది. పై సూత్రాన్ని ఆ పల్లెలకు అన్వయిస్తే రెండు ఏళ్ళ తొమ్మిది నెలల ఆయువు లెక్కకు వస్తుంది. మన దేశపు చట్టం అనుమతించే హద్దు 40 గనక ఆ పల్లెల గాలి చట్టప్రకారం మంచి గాలి! హద్దునే ఎనిమిదింతలు పెంచి పెట్టుకుంటే నేరం ఎక్కడ వుంటుంది?

చైనా ఉదాహరణను మనలో కొందరు ఇబ్బందిగా చూడవచ్చు. కాని దాన్ని దాటవేయటం శాస్త్రీయ దృక్పథం కాదు. బొగ్గు ఉచితంగా ఇచ్చింది లాభాపేక్ష గల ధనికుడు కాదు, ప్రజలను చలి నుంచి కాపాడదలచిన ప్రభుత్వం. ఇబ్రహీంపట్నం కేంద్రం కూడా ప్రభుత్వానిదే. యాజమాన్యం ప్రజలది అయినంత మాత్రాన పొగ ప్రజలకు మేలు చేయదు. అదే చైనా 2013 తర్వాత పదేళ్ళలో గాలిలోని ధూళిని దాదాపు నూటికి 40 వంతులు తగ్గించింది. అంటే తలచుకుంటే చేయగల పని ఇది.

6

ఇప్పుడు ఎ.కొండూరు నీటి విషయం చూద్దాం. తండాలలో మూత్రపిండాలు చెడిపోయిన కుటుంబాలు అనేకం. భూగర్భజలంలోని ఫ్లోరైడు, సిలికా వంటివాటి మీద అనుమానం వుంది. నొప్పిమాత్రల అతివాడకం, ఎండలో నీళ్ళు చాలని కూలిపని కూడా ఇటువంటి జబ్బుకు దోహదం చేస్తాయని వైద్యులంటారు. కృష్ణా నీరు గొట్టాల ద్వారా తండాలకు రావాలన్నది ప్రజల కోరిక, ప్రభుత్వమూ ఒప్పుకున్న పరిష్కారం. గాలికి ఇందులో పాత్ర వుందని నేను చెప్పటం లేదు. కాని 2018లో అమెరికాలో దాదాపు 25 లక్షల మంది మాజీ సైనికుల వైద్యవివరాలు పరిశీలించిన ఒక అధ్యయనం, సూక్ష్మధూళి ఎక్కువైన కొద్దీ దీర్ఘకాల మూత్రపిండ వ్యాధి ఎక్కువవుతున్నట్టు చూపింది. రక్తంలో కలిసిన కణం ఊపిరితిత్తుల దగ్గరే ఆగదు గదా! ఇప్పటికే మూత్రపిండాలు దెబ్బతిన్న జనం ఏ గాలి పీలుస్తున్నారో కొలవటం వైద్యరీత్యా అవసరం.

తెలిసిన వెంటనే పని జరుగుతుందన్న భరోసా మన చరిత్రలో లేదు. నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి ప్రాంతాలలో వంగిన నడుములకు, బిగిసిన కీళ్ళకు నీటిలోని ఫ్లోరైడు కారణమని షార్ట్ ప్రభృతులు 1937లోనే వైద్యపత్రికలో ప్రకటించారు. భారతదేశంలో అది మొదటి ప్రకటన. ఆ తర్వాత స్వాతంత్ర్యం వచ్చింది, ఆంధ్రరాష్ట్రం వచ్చింది, ఎన్నో ఎన్నికలు వచ్చాయి. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు బాధితులు మంచినీటి కోసం దశాబ్దాలపాటు ఉద్యమాలు చేయవలసి వచ్చింది. తెలియటానికీ చేయటానికీ మధ్య దూరం శాస్త్రం వల్ల ఏర్పడినది కాదు. ఆ నీరు తాగేవారు ఎవరన్నదాన్ని బట్టి ఏర్పడినది.

గాలి విషయంలో మనం ఇంకా ఒక మెట్టు వెనకనే వున్నాం. నీటిని సీసాలో పట్టి పరీక్షకు పంపవచ్చు. గాలిని అలా పంపలేం. 2019లో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమం 131 నగరాలకు పరిమితం. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ, గుంటూరు, విశాఖపట్నం మొదలైన పదమూడు నగరాలు అందులో వున్నాయి. ఎ.కొండూరు నగరం కాదు, అందులో లేదు. పల్లె గాలికి అంకె కావాలంటే ఆకాశంలోని ఉపగ్రహం కట్టే అంచనాయే గతి. వంటింటి పొగ, క్రషరు దుమ్ము, పత్తికట్టె తగలబెట్టిన మసి దాని కంటికి విడివిడిగా ఆనవు.

7

ఇక అభ్యంతరాలు. వాయుకాలుష్యం వల్లనే అచ్చంగా చనిపోయారని నిర్ధారించే సాక్ష్యం లేదని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో ఒకసారి కాదు, పలుసార్లు చెప్పింది. "అచ్చంగా" అన్న మాటలోనే మోసం వుంది. ఏ మనిషీ అచ్చంగా ఒక్క కారణం వల్ల పోడు. పస్తులున్నవాణ్ణి కలరా తీసుకుపోతే కరువు లేదనటం ఎటువంటిదో, పొగ పీల్చి బలహీనపడిన గుండె ఆగితే పొగ దోషం లేదనటం అటువంటిదే. ధాత కరువు నాటి రిజిస్టరు రాసినవారి తర్కమే ఇది.

రెండో అభ్యంతరం మనకు దగ్గరివారిదే. పొగగొట్టం ప్రగతికి గుర్తు, దాని మీద ఫిర్యాదు తీరిక వున్న పట్నవాసుల విలాసం అని వారంటారు. కరెంటు వద్దని ఎ.కొండూరు రైతు ఎన్నడూ అనడు. అతని అడుగుతున్నది గంధకం పట్టే యంత్రం. దాని ఖర్చు కరెంటు ధరలో కలుస్తుందంటారు. ఇప్పుడు మాత్రం ఆ ఖర్చు లేదా? వుంది. ఆసుపత్రి బిల్లుగా, పోయిన పనిదినాలుగా, ముందుగా పోయిన ప్రాణంగా, కరెంటు తక్కువ వాడే ఇంటివాడే ఎక్కువగా చెల్లిస్తున్నాడు. యూనిట్‌కు ఇన్ని పైసలని రాస్తే అందరికీ కనబడుతుంది. ఆయువులో ఇన్ని నెలలని ఎవరూ రాయరు గనక కనబడదు.

ఏం చేయాలి? మొదట లెక్క. తిరువూరు, ఎ.కొండూరు వంటి మెట్ట మండలాలలో గాలిని కొలిచే కేంద్రాలు పెట్టాలి, ఫలితాలు పంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి. ఇంటి దగ్గర జరిగిన ప్రతి చావుకూ కారణం అడిగి రాసే పద్ధతి ఏర్పడాలి. రెండవది, గ్యాసు ధర కూలి రోజుల సంఖ్యకు అందేటట్టు వుండాలి, ఏడాది పొడవునా. మూడవది, క్వారీ, క్రషరు కూలీలకు మస్టరు, ఛాతీ పరీక్ష, జబ్బుకు నష్టపరిహారం. నాలుగవది, థర్మల్ కేంద్రాలకు ఇచ్చిన మినహాయింపుల రద్దు. వీటిలో ఒక్కటి కూడా కొత్తగా కనిపెట్టవలసినది కాదు. కళాశాలలలో చరిత్ర, రసాయనశాస్త్రం, గణాంకశాస్త్రం చెప్పేవారు, చదివేవారు మొదటిదాన్ని స్వయంగా ఆరంభించవచ్చు. తమ ఊరి చావుల రిజిస్టరు పదేళ్ళది తీసి, కారణం అన్న గడిలో ఏముందో, ఏమీ లేనివి ఎన్నో లెక్కబెడితే చాలు. ఆ ఖాళీ గడుల సంఖ్యతో మండల కార్యాలయానికి వెళ్ళి అడగటానికి ఎవరి అనుమతీ అవసరం లేదు.